తెల్ల గుండుసూదులు

"డెబ్బై ఆరేళ్ల మనిషి స్టూలెక్కాడు, కాలు జారింది, పడ్డాడు. ఇందులో కేసేముంది మేడమ్?" అన్నాడు సార్జెంట్ స్ట్రంక్.

వెర్నా టాలివర్ మోకాళ్లు మొరాయిస్తున్నా నేల మీద చతికిలబడి, ఎమ్మెట్ లూమిస్ ఇంట్లో అతను పడిన చోటునే చూస్తోంది. ముప్ఫై ఏళ్లు ఇన్సూరెన్స్ కంపెనీల కోసం దొంగ క్లెయిములు పట్టుకుని, ఇప్పుడు అరవై రెండేళ్ల వయసులో సొంతంగా డిటెక్టివ్ పని చేస్తున్న మనిషి ఆమె. ఎవరు పడ్డారో, ఎవర్ని పడేశారో చూడగానే పోల్చుకోగలనని ఆమెకో ధీమా. ఆ ధీమా ఇవాళ వణుకుతోంది. పడినవాడు ఆమెకున్న కొద్దిమంది స్నేహితుల్లో ఒకడు మరి.

ఆదివారం సాయంత్రం ఐదూ పదికి పక్కింటావిడ చూసింది అతన్ని. తల వెనక దెబ్బ. ఇప్పుడు మంగళవారం ఉదయం పదిన్నర. ఊపిరుంది, స్పృహ లేదు. ఇవాళో రేపో కళ్లు తెరవొచ్చని డాక్టరు చెప్పాడు. అందరికీ అది శుభవార్త. వెర్నాకి మాత్రం కాదు. పడేసినవాడు కూడా అది విని ఉంటాడు కదా.

"సార్జెంట్ గారూ, మీరు కళ్లజోడు పెట్టుకుంటారా?"

"పెట్టుకోను. ఇరవై అడుగుల్లో ఈగ కూడా కనిపిస్తుంది నాకు."

"ఎమ్మెట్‌కి కనిపించదు. కళ్లజోడు లేకపోతే తన చెయ్యి తనకి మసగ్గా ఉంటుంది. మరి ఆ కళ్లజోడు ఎక్కడ దొరికింది?"

స్ట్రంక్ తన నోటుబుక్కు తిప్పాడు. "చొక్కా జేబులో. డబ్బాలో పెట్టి ఉంది."

"డబ్బాలో పెట్టి, మూతేసి, జేబులో వేసుకుని, ఆ తర్వాత గోడమీది మ్యాపులో గుండుసూది గుచ్చడానికి స్టూలెక్కాడన్నమాట. గుడ్డిగా. చేతిలో సూదైనా ఉందా? నేల మీద ఒక్కటీ లేదు. సూదుల పెట్టెకి మూత పెట్టే ఉంది. కుర్చీలు రెండూ ఎదురెదురుగా ఉన్నాయి చూడండి. కళ్లజోడు తీసేది ఎప్పుడు? ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు."

"బాగా అల్లారు," అన్నాడు స్ట్రంక్. "అల్లికలు మా అమ్మ కూడా చేస్తుంది."

వెర్నా లేచి మ్యాపు ముందు నిలబడింది. హార్లన్ ఫెర్రీ ఊరు మొత్తం ఆ గోడ మీద ఉంది, వీధి వీధీ. లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఎమ్మెట్ ఆరేళ్లుగా చేస్తున్న పని ఇదే. వెనకటి రోజుల్లో మగవాళ్లని ప్రేమించే మగవాళ్లూ, ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లూ ఊరు మారితే జేబులో ఒక చిన్న గైడు పెట్టుకుని వెళ్లేవాళ్లు. ఏ ఊళ్లో ఏ బారుకి వెళ్తే తన్నులు తినకుండా బయటపడొచ్చో అందులో చీమతలంత అక్షరాల్లో అచ్చేసేవారు. పేరూ ఊరూ లేని కవర్లో, ఏడాదికొకటి పోస్టులో వచ్చేది. అరవై ఆరు నుంచి ఎనభై ఎనిమిది దాకా ఇరవై మూడు గైడులూ ఎమ్మెట్ అలమరలో వరసగా ఉన్నాయి. వాటిలో ఈ ఊరి పేజీలు చూసి, మనవాళ్లు ఒకప్పుడు తలదాచుకున్న ప్రతి చోటా అతనొక సూది గుచ్చాడు. బారుకి ఎరుపు, పార్కుకి ఆకుపచ్చ, తిండి హోటలుకి పసుపు.

తెలుపు అయిదే ఉన్నాయి. తెలుపు దేనికో వెర్నాకి తెలీదు.

తెలియాలంటే పక్కన గోడకి అంటించిన కాగితం చూడాలి. ఏ రంగు దేనికో ఎమ్మెట్ తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టుకున్న కాగితం. అది ఉండాల్సిన చోట, ఎండకి వెలిసిన గోడ మధ్య, అరచెయ్యంత మేర రంగు కొత్తగా ఉంది. నాలుగు మూలలా టేపు ముక్కలున్నాయి. కాగితం లేదు.

"గైడులన్నీ ఉన్నాయి. వెండి గడియారం ఉంది. పోయింది ఒక్క కాగితం," అంది వెర్నా. "సార్జెంట్ గారూ, ఆస్పత్రిలో పెట్టిన కానిస్టేబుల్ని తియ్యకండి. బతిమాలుతున్నాననుకోండి."

"పన్నెండు దాకా ఉంటాడు. ఆ తర్వాత వాడికి వేరే డ్యూటీ ఉంది," అని స్ట్రంక్ ఫోను చూసుకుంటూ వాకిట్లోకి పోయాడు.

* * *

పదీ యాభైకి వంటింటి తలుపు చప్పుడైంది. లీలాండ్ కోట్స్ వచ్చాడు, చేతుల్లో గుడ్డ కప్పిన గాజు పళ్లెం. నూడుల్సూ చేపా కలిపి ఓవెన్లో పెట్టిన వంటకం, ఇంకా వేడిగా ఉంది. డెబ్బై మూడేళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. యౌవనం ఈ ఊళ్లోనే గడిపి ఎటో వెళ్లిపోయాననీ, నిరుడే తిరిగొచ్చాననీ చెప్పుకున్నాడు. ఎమ్మెట్ మొదలెట్టిన పాత జ్ఞాపకాల రికార్డింగులకి అందరికన్నా ముందు చెయ్యెత్తింది అతనే.

"తిన్నావా తల్లీ?" అన్నాడు రాగానే.

"తర్వాత తింటాను. కూర్చోండి. నేనిప్పుడు స్నేహితురాలిగా కాదు, డిటెక్టివుగా అడుగుతున్నాను. ఏమీ అనుకోకండి."

"అనుకుంటే నువ్వు అడగవా ఏంటి?" అని నవ్వి కూర్చున్నాడు.

"ఆదివారం మధ్యాహ్నం మూడూ నలభైకి ఎమ్మెట్ నాకు ఫోన్ చేశాడు. 'రేపు పొద్దున రా వెర్నా, ఒక మనిషిని ఒక మాట అడగాల్సుంది, ముందు అతన్నే అడుగుతాను, అది మర్యాద' అన్నాడు. ఐదూ పదికి పడి ఉన్నాడు. ఈ మధ్యలో మీరెక్కడున్నారు?"

"చర్చిలో సూపు విందు. ఆరు దాకా గిన్నెలు తోమాను. చేతులు చూడు, ఇంకా పగిలే ఉన్నాయి. పాస్టర్ని అడుగు."

వెర్నా అప్పటికప్పుడే పాస్టర్‌కి ఫోన్ చేసింది. లీలాండ్ నాలుగుంబావుకి ఏప్రన్ కట్టుకుంటుండగా చూశానని ఆయన చెప్పాడు. మూడూ నలభైకీ నాలుగుంబావుకీ మధ్య ముప్ఫై అయిదు నిమిషాలు. చర్చి నుంచి ఈ ఇంటికి నడిస్తే ఆరు. వెర్నా అంకెలు రాసుకుంది. పరాయి మనిషైతే ఆ అంకెల కింద రెండు గీతలు గీసేది. లీలాండ్ మనవాడు కాబట్టి గియ్యలేదు.

"ఎమ్మెట్ ఎవర్ని ఏమడగాలనుకున్నాడో మీకేమైనా తెలుసా?"

"టెడ్డీ గురించి అయ్యుంటుంది. ఇంకెవరి గురించి?" లీలాండ్ గొంతు తగ్గించాడు. "టెడ్డీ మార్ష్. డెబ్బై అయిదు మార్చిలో నదిలో తేలాడు. ఇరవై రెండేళ్లు వాడికి. తాగి పడ్డాడని రాసి పోలీసులు చేతులు దులుపుకున్నారు. నేను రికార్డింగులో చెప్పాను కదా, వాణ్ని చివరిసారి చూసింది నేనే. హెరాన్ రూమ్‌లో. వాటర్ స్ట్రీట్, నాలుగు వందల పద్దెనిమిది. ముందు వైపు బొత్తాల కొట్టు, వెనక మనం. ఎర్ర దీపాలు, మూల ఒక పాటల పెట్టె. రాత్రి పదకొండింటికి కెంటకీ నంబరు ప్లేటున్న లారీ డ్రైవరొకడితో నవ్వుకుంటూ బయటికెళ్లాడు. వెళ్లొద్దురా అని నేను అనలేదమ్మా. ఒక్క మాట అనలేదు."

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెర్నా ఈ ఊరొచ్చింది ఎనభై అయిదులో. ఆ బొత్తాల కొట్టూ, ఆ వెనక గదీ ఆమె ఎరగనివి. ఎరిగినవాళ్లు ఇంకా బతికుండి చెబుతుంటే వినడమే ఒక అదృష్టం అనుకునే రకం ఆమె.

"ఒక్క కోరిక వెర్నా," అన్నాడు లీలాండ్ కళ్లు తుడుచుకుని. "నిన్న ఆస్పత్రికి వెళ్లాను. కుటుంబం వాళ్లకి తప్ప లోపలికి లేదన్నారు. వాడికి కుటుంబం ఎక్కడుంది? అక్కడ ఒంటరిగా పడున్నాడు. పక్కన ఒక మనిషి చెయ్యి ఉండొద్దూ?"

ఆ మాట సూటిగా వెళ్లి తగలాల్సిన చోట తగిలింది. రెండు వేల మూడులో వెర్నా జూన్‌ని, పద్దెనిమిదేళ్లు ఒకే మంచం మీద పడుకున్న మనిషిని, పదకొండు రోజులు ఆస్పత్రి వరండాలోంచి తలుపు అద్దంలో చూసింది. నువ్వేమవుతావు అని అడిగితే చెప్పడానికి చుట్టరికం పేరు లేకపోయింది. పన్నెండో రోజు చూడ్డానికి జూన్ లేదు. మనవాళ్లలో ఆ వయసు వాళ్లెవర్ని కదిపినా ఇలాంటి తలుపు ఒకటి ఉంటుంది. అందుకే మనవాళ్లు ఆస్పత్రి దగ్గర ఎవర్నీ ఆపరు. ఎవరొచ్చినా అన్న అంటారు, తమ్ముడంటారు, సంతకం పెట్టేస్తారు.

ఎమ్మెట్ మంచాన పడితే అన్ని నిర్ణయాలూ వెర్నావేనని రాసిన కాగితం ఎమ్మెట్ ఏనాడో చేయించాడు. ఆమె ఫోనెత్తి ఐసీయూకి చేసింది. "లీలాండ్ కోట్స్. కుటుంబం కిందే రాసుకోండి. ఎంతసేపు కూర్చుంటానంటే అంతసేపు కూర్చోనివ్వండి."

లీలాండ్ ఆమె చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "నీ మేలు మర్చిపోను," అని వెళ్లిపోయాడు.

* * *

పన్నెండూ అయిదుకి స్ట్రంక్ తిరిగొచ్చాడు.

"కానిస్టేబుల్ని తీసేశాను."

"ఇంకొకణ్ని పెట్టలేదా?"

"ఎవరో బంధువు కూర్చుంటున్నాడట కదా, మీరే పంపారట. ఇంకా మావాడెందుకు, కాఫీ తాగడానికా?"

"బంధువు వేరు, తుపాకి ఉన్న మనిషి వేరు!"

"చూడండి మేడమ్," స్ట్రంక్ టోపీ సర్దుకున్నాడు. "నలభై ఏళ్ల నాటి తాగుబోతు బార్లకి రంగు సూదులు గుచ్చుకునే ముసలాణ్ని చంపాలని ఎవడికుంటుంది? మీవాళ్లకి ప్రతిదీ కుట్రే. కుర్చీ కిర్రుమన్నా కుట్రే."

"మావాళ్లు నదిలో తేలినప్పుడు కూడా మీ స్టేషన్లో ఇదే మాట అన్నారు."

"అప్పటికి నేను పుట్టలేదు."

"మీరు పుట్టకపోయినా మాట మారలేదు చూశారా," అంది వెర్నా.

స్ట్రంక్ మొహం కందగడ్డయింది. "సాయంత్రం నాలుగింటికి ప్రమాదం అని రాసి ఫైలు మూసేస్తున్నాను. ఏదైనా ఉంటే ఈలోగా చూపించండి. అల్లికలు కాదు, వస్తువు." తలుపు దబాలున వేసి పోయాడు.

వెర్నా వంటింటి తలుపు గడియ వేసి, వేసిందో లేదో రెండుసార్లు చూసుకుంది. తన భయం మీద తనకే విసుగొచ్చింది. మళ్లీ మ్యాపు ముందుకొచ్చి తెల్ల సూదుల చిరునామాలు రాసుకుంది. అయిదింట్లో ఒకటి వాటర్ స్ట్రీట్ 418. హెరాన్ రూమ్. బారైతే ఎరుపుండాలి కదా, తెలుపెందుకు? డెబ్బై అయిదో గైడు తీసి చూసింది. హార్లన్ ఫెర్రీ పేజీలో ఉంది: హెరాన్ రూమ్, 418 వాటర్, డాన్సు ఉంది, వెనక దారి. మిగతా నాలుగు తెల్ల చిరునామాలూ ఒక్కొక్కటి ఒక్కో ఏడాది గైడులో మాత్రమే ఉన్నాయి. తర్వాతి ఏడు ఉండవు.

ఎమ్మెట్, లీలాండ్ కాక ఆ రోజులు తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఇంకొక్కరే మిగిలారు. వెర్నా ఆవిడకి ఫోన్ చేసింది.

ఓపల్ బ్రాంట్లీ ఒంటి గంటా పదికి టాక్సీలో వచ్చింది. ఎనభై నాలుగేళ్లు. చక్రాల నడకబండి తోసుకుంటూ, గుమ్మం దగ్గరే టాక్సీవాణ్ని రెండు తిట్టి లోపలికొచ్చింది. ఒకప్పుడు ఈ ఊళ్లో మనవాళ్లకి ఉన్న ఒకే ఒక్క నిజమైన బారు నడిపిన మనిషి.

"ఏమే పిల్లా, మొహమేంటి సున్నం కొట్టినట్టుంది?"

"మిస్ ఓపల్, ఈ తెల్ల సూదులేంటో చెప్పండి. ముందు అది చెప్పండి."

ఓపల్ మ్యాపుకి మొహం దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత నవ్వడం మొదలెట్టింది. నడకబండి కూడా ఆవిడతో పాటు ఊగింది.

"ఓరి దొంగ సచ్చినోడా! ఎమ్మెట్ వీటిక్కూడా గుచ్చాడా! ఇవి మన అబద్ధాలే పిల్లా. ఈ అయిదు చోట్లా ఏమీ లేదు. ఎప్పుడూ లేదు."

"లేకపోవడమేంటి? గైడులో అచ్చయింది కదా."

"అచ్చేయించిందే ఎమ్మెట్. గైడు వాళ్లు ప్రతి శరదృతువులో ఉత్తరం రాసేవాళ్లు, మీ ఊళ్లో కొత్తవేంటి, మూసేసినవేంటి అని. మన ఊరి జవాబు ఎమ్మెట్ రాసేవాడు. కొన్ని ఏళ్లు అందులో ఒక లేని బారు కలిపేవాడు. ఎందుకంటావా? గైడు మన చేతిలో ఉన్నంతకాలం ఫరవాలేదు. పోలీసు చేతిలో పడితే కొంప మునిగినట్టే. పడిందో లేదో తెలిసేదెలా? లేని బారుని వెతుక్కుంటూ వస్తే పడిందన్నమాట."

వెర్నా కుర్చీ వెనక పట్టుకుంది. "హెరాన్ రూమ్?"

"బొత్తాల కొట్టు. ఎమ్మెట్ మేనత్తది. మహా గడుసు ఆవిడ. పైవూరి మనవాళ్లు ఎవరైనా వచ్చి బిక్కుబిక్కుమంటూ అడిగితే నా బారుకి దారి చెప్పేది. ఇద్దరు కలిసి, ఒకే రకం బూట్లతో వస్తే బొత్తాలమ్మేది." ఓపల్ నవ్వు సగంలో ఆగింది. "డెబ్బై అయిదు మార్చిలో వచ్చారు, మఫ్టీలో. ఒక్కొక్కడు డజను బొత్తాలు కొన్నాడు. బారు వెనకెక్కడో ఉంది, తలుపే తమకి దొరకలేదు అనుకున్నారు వెధవలు. మూడు రాత్రులు ఎదురుగా కారులో కాపు కాశారు. మూడు రాత్రులూ నేను కారు దాకా వెళ్లి, ఇద్దర్నీ మొహం మీదే తిట్టొచ్చాను. మేం కబురు పంపించాం, అందరూ ఇళ్లలోనే ఉండండి, పార్కుకి పోవద్దు అని. అందరికీ అందింది. టెడ్డీకి ఫోను లేదు. శుక్రవారం పార్కుకెళ్లాడు. ఆ ఇద్దరూ కార్లో ఎక్కించుకోవడం ఐస్‌క్రీం బండివాడు చూశాడు. సోమవారం నదిలో దొరికాడు."

"లోపల ఎర్ర దీపాలు, మూల పాటల పెట్టె..." అంది వెర్నా.

"ఎక్కడ?"

"హెరాన్ రూమ్‌లో. ముందు బొత్తాల కొట్టు, వెనక మనం. టెడ్డీ ఆ గదిలోంచి లారీ డ్రైవరుతో వెళ్లాడట."

ఓపల్ ఆమె మొహంలోకి చూసింది. "ఎవరన్నారే ఆ మాట? లోపల గది ఉందనుకున్నది ఈ లోకంలో ఇద్దరే. ఆ కారులో కూర్చున్న ఇద్దరు."

ఒంటి గంటా ఇరవై అయిదు. ఎమ్మెట్ రికార్డింగు విన్నాడు, తెల్ల సూది చూసుకున్నాడు, నిజం తెలుసుకున్నాడు. తెలుసుకుని కూడా ముందు అతన్నే పిలిచి, ఎదురుగా కుర్చీ వేసి, కళ్లజోడు తీసి, మర్యాదగా అడిగాడు. వెర్నా అంతకన్నా మర్యాద చేసింది. పోలీసుకి బదులు అతన్నే ఎమ్మెట్ మంచం పక్కన కూర్చోబెట్టింది.

ఆమె గోడ ఫోను దగ్గరికి పరిగెత్తింది. తొందరలో నంబరు ఒకసారి తప్పు పడింది. వెనక ఓపల్ తన సెల్‌ఫోన్లో పోలీసుల మీద అరుస్తోంది.

"ఐసీయూ, నర్సు ప్రిసిల్లాని మాట్లాడుతున్నాను."

"వెర్నా టాలివర్‌ని. లూమిస్ దగ్గరున్న మనిషిని బయటికి పంపండి. ఇప్పుడే. ఈ క్షణమే."

"కోట్స్ గారినా? పాపం, పన్నెండు నుంచి కదలకుండా కూర్చున్నారండీ. మీకు ఫోన్ చేద్దామనే అనుకుంటున్నాను, లూమిస్ గారు పది నిమిషాల క్రితం కళ్లు తెరిచారు. కానీ ఒకటే కంగారు, గుండె వేగం ఊరికే పెరిగిపోతోంది. విశ్రాంతిగా ఉంటారని కోట్స్ గారే తలుపు వేసుకున్నారు. కుటుంబం కదా అని..."

"కుటుంబం కాదు! నేను తప్పు రాయించాను! పరిగెత్తమ్మా, దణ్ణం పెడతాను, పరిగెత్తు!"

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగుల చప్పుడు. తలుపు మీద దబదబా బాదడం. "సార్! కుర్చీ అడ్డం పెట్టారేంటి సార్?" అప్పుడే ఒక యంత్రం ఆగకుండా కూత మొదలెట్టింది. ఇంకా ఎవరెవరో పరిగెత్తారు. ఏదో విరిగింది. వెర్నా చెవికి రిసీవరు నొక్కుకుని వింటోంది. అరవై రెండేళ్లలో ఆమె దేవుణ్ని ఏమీ అడిగింది లేదు. ఇప్పుడు అడిగింది.

దూరంగా ప్రిసిల్లా కేక వినపడింది. "ఆడుతోంది! ఊపిరి ఆడుతోంది! ఆ దిండు తీసెయ్యండి!"

వెర్నాకి ఏడుపొచ్చింది, గట్టిగానే ఏడ్చింది. బల్ల మీది రిసీవరుని అప్పుడు ఎవరో ఎత్తారు.

"వెర్నా తల్లీ," అంది మెత్తటి గొంతు. కాస్త ఆయాసపడుతోంది. "అందరూ గదిలోకి దూరారు, ఇక్కడ నేనొక్కణ్నే. వెనకాల అరుస్తోంది ఓపల్ కదూ? మూడు రాత్రులు కార్లో కూర్చుని విన్న గొంతు మర్చిపోతానా? చచ్చిపోయిందని చెప్పారు నాతో." ఒక్క క్షణం ఆగాడు. "ఆవిణ్ని కూర్చోబెట్టు. వస్తున్నాను."

ఫోను పెట్టేశాడు. ఆస్పత్రి నుంచి ఈ ఇంటికి కారులో పన్నెండు నిమిషాలు.

ఓపల్ సెల్‌ఫోను మూసి, గెలిచినదానిలా తలెత్తింది. "దిగొచ్చారు వెధవలు! ఆ స్ట్రంక్‌ని కూడా లేపాను. ఊళ్లో ఉన్న మూడు కార్లూ ఆస్పత్రికే పోతున్నాయి. ఇక్కడ ఒక్కడూ లేడు."